ఫిబ్రవరి 28 దాటించి చూశాకే: పాత క్యాలెండర్ చేతి గడియారాల సేకరణలో అసలు పరీక్షలు

గంట, నిమిషం మాత్రమే చూపే వాచీకి ఒక్క కీ చాలు. తేదీ, వారం, నెల, చంద్రుడు తోడైతే కేసు అంచున మూడు నాలుగు చిన్న గుంటలు పడతాయి. ఒక్కో గుంటలో ఒక్కో బొత్తాం ఉంటుంది. దాన్ని కొయ్య మొన ఉన్న పుల్లతో నొక్కి సరిచేసుకోవాలి. అరవై డెబ్బై ఏళ్లలో ఎవరెవరు గుండుసూదితో, పేపర్ క్లిప్పుతో, బాల్‌పెన్ను మొనతో నొక్కారో ఆ గుంటల చుట్టూ గీతలై మిగిలి ఉంటుంది. అనుభవం ఉన్న సేకరణకర్తలు డయల్ మీది పేరు చూసి ఊరుకోరు, వాచీని పక్కకు తిప్పి ఈ గీతలు చూస్తారు. మామూలు వాచీ కంటే క్యాలెండర్ వాచీకి చేతులు ఎక్కువ తగులుతాయి. విడిభాగాలు ఎక్కువ, సర్వీసింగులు ఎక్కువ, మధ్యలో మార్చేసిన ముక్కలూ ఎక్కువే. తయారైనవే తక్కువ, చెక్కుచెదరకుండా మిగిలినవి అందులోనూ తక్కువ. ధరను నిర్ణయించేది ఈ రెండో లెక్క.

క్యాలెండర్ వాచీ అన్న మాట కింద చాలా తేడా ఉన్న యంత్రాలు వస్తాయి. ప్రతి నెలకూ 31 రోజులేనని నమ్మేది ట్రిపుల్ క్యాలెండర్. ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, నవంబర్ ముగిసినప్పుడల్లా, అంటే ఏడాదికి ఐదుసార్లు, చేత్తో తేదీ సరిచేయాలి. చాలా మోడళ్లలో నెల పేరు కూడా మనమే మార్చాలి. 30, 31 తేడా తెలిసి ఒక్క ఫిబ్రవరి దగ్గరే తప్పటడుగు వేసేది యాన్యువల్ క్యాలెండర్. స్విస్ కంపెనీ పటెక్ ఫిలిప్ దాన్ని 1996లో 5035 మోడల్‌తో తెచ్చింది కాబట్టి పాత వాచీల లెక్కలోకి ఇంకా రాదు. లీప్ సంవత్సరం కూడా తెలిసినది పర్పెచువల్ క్యాలెండర్. పేరుకు శాశ్వతమే గానీ 2100 లీప్ సంవత్సరం కాదన్న సంగతి వీటిలో దాదాపు దేనికీ తెలియదు.

పర్పెచువల్‌కు ఆయువుపట్టు 48 నెలల చక్రం. నాలుగేళ్లకు ఒక చుట్టు తిరిగే ఈ చక్రం అంచున నెలకో స్థానం ఉంటుంది. 31 రోజుల నెలకు గాడి ఉండదు. 30 రోజుల నెలకు పలచటి గాడి, లీప్ ఫిబ్రవరికి కాస్త లోతు, మామూలు ఫిబ్రవరికి అన్నిటికంటే లోతు. రోజుకోసారి కదిలే పెద్ద లివర్ ముక్కు ఆ గాడిలోకి ఎంత దిగితే నెలాఖరున తేదీ చక్రం అన్ని పళ్లు ముందుకు జరుగుతుంది. కొన్ని తయారీల్లో 12 నెలల చక్రం మీద ఫిబ్రవరి కోసం మరో బుల్లి చక్రం విడిగా తిరుగుతుంది. పని మాత్రం ఒకటే. ఈ గాడుల లోతుల్లో తేడా మిల్లీమీటరులో కొద్ది భాగం. ముక్కు అరిగినా, దాని మీద పాత నూనె జిడ్డుగా పేరుకున్నా, ఎవరైనా ఆకురాయి పెట్టి మరమ్మతు చేసినా ఏప్రిల్ 30 మర్నాడు వాచీలో 31 కనిపిస్తుంది.

ఎవరు ఎన్ని చేశారు

చేతికి కట్టుకునే తొలి పర్పెచువల్‌ను పటెక్ 1925లో తయారుచేసింది. అందులో వాడిన 97975 నంబరు మూవ్‌మెంట్ (వాచీ లోపలి యంత్రం) 1898లో మహిళల పెండెంట్ వాచీ కోసం చేసినది. ఇప్పుడది జెనీవాలో ఆ కంపెనీ మ్యూజియంలోనే ఉంది. వరుసగా తయారుచేయడం 1941లో మొదలైంది. సాదా పర్పెచువల్ మోడల్ 1526, క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్) కలిసిన మోడల్ 1518 రెండూ ఆ ఏడాదే వచ్చాయి. 1526 సుమారు 210, 1518 మొత్తం 281 తయారయ్యాయి. 1518 తర్వాత వచ్చిన 2499 దాదాపు 35 ఏళ్ల పాటు సాగినా మొత్తం 349 మాత్రమే, అంటే ఏడాదికి సగటున పది. కారణం మార్కెటింగ్ జిత్తు కాదు. ముడి మూవ్‌మెంట్ వాల్జూ అనే తయారీ సంస్థ నుంచి వచ్చేది. దాని మీద క్యాలెండర్ పలకను స్విట్జర్లాండ్‌లోని జూ లోయలో ఉన్న విక్టరిన్ పిగే వంటి కార్ఖానాల్లో లివర్ తర్వాత లివర్‌గా చేత్తో రుద్ది అమర్చేవారు. ఒక వాచీ లివర్ ఇంకో వాచీలో నేరుగా కూర్చోదు. ఈ ఒక్క సంగతే ఇవాళ సర్వీసింగ్ ఖర్చుకూ, విడిభాగాలు దొరకకపోవడానికీ మూలం.

1518 మోడల్‌లో స్టీలు కేసు ఉన్నవి ఇప్పటిదాకా బయటపడినవి నాలుగు. వాటిలో ఒకటి 2016 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ వేలంలో 1,10,02,000 స్విస్ ఫ్రాంకులకు పోయింది. అదే యంత్రం బంగారు కేసులో ఉంటే సాధారణంగా ఆ దరిదాపుల్లోకి రాదు. లోహం చౌక, వాచీ ఖరీదు! కొత్తగా చూసేవాళ్లకు ఇది తలకిందుల వ్యవహారంలా ఉంటుంది. పసుపు బంగారం ఎక్కువగా చేశారు, గులాబీ రంగు బంగారం అరుదు, స్టీలు ఇంకా అరుదు. అంతకు మించి రహస్యం లేదు.

1962లో వచ్చిన 3448 వరుసగా తయారైన మొదటి ఆటోమేటిక్ పర్పెచువల్. 37.5 మిల్లీమీటర్ల కేసు, 586 వాచీలు. పటెక్ బయట ఆ కాలంలో దాదాపు శూన్యం. ఆడెమార్స్ పిగే 1955లో లీప్ సంవత్సరాన్ని డయల్ మీదే చూపే తొలి చేతి వాచీ 5516ను తెచ్చింది, చేసినవి తొమ్మిదే. రోలెక్స్ ట్రిపుల్ క్యాలెండర్ దాటి వెళ్లలేదు. నొక్కి మూసే వీపు ఉన్న 38 మిల్లీమీటర్ల 8171, మర బిగించే ఆయిస్టర్ కేసు ఉన్న 36 మిల్లీమీటర్ల 6062, రెండింటినీ 1950 అటూ ఇటూగా కొద్దికాలమే చేసింది. వియత్నాం చక్రవర్తి బావో దాయ్ చేతికున్న 6062 నల్ల డయల్ వాచీ 2017లో 50 లక్షల ఫ్రాంకులు దాటింది. వీటిలో 8171 వీపు నొక్కి మూసేది కాబట్టి చెమట, తేమ సులువుగా చొరబడ్డాయి. మచ్చలేని 8171 డయల్ కనిపిస్తే మురిసిపోయే ముందు అది మళ్లీ అచ్చువేసినదేమో చూడాలి.

ఈ ధరల కింద ఇంకో లోకం ఉంది, నేర్చుకోవడానికి అదే మంచి బడి. యూనివర్సల్ జెనీవ్ 1944లో తెచ్చిన ట్రై-కాంపాక్స్, ఒమేగా కాస్మిక్, మొవాడో క్యాలెండోగ్రాఫ్, వాల్జూ 72సి మూవ్‌మెంట్‌తో హోయర్ 2547, చంద్రుడు కూడా ఉన్న వాల్జూ 88 వాచీలు ఇందులోకి వస్తాయి. వాల్జూ మూవ్‌మెంట్లు చాలా కంపెనీలు వాడాయి కాబట్టి విరిగిన స్ప్రింగు, అరిగిన పళ్లచక్రం వేరే వాచీ నుంచి తెచ్చి వేయొచ్చు. పర్పెచువలే కావాలనుకుంటే బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీల తుపానులో పుట్టినవి చూడాలి. 3.95 మిల్లీమీటర్ల మందం మాత్రమే ఉన్న మూవ్‌మెంట్‌తో 1978లో వచ్చిన ఆడెమార్స్ పిగే 5548, 1985లో కర్ట్ క్లౌస్ రూపొందించిన ఐడబ్ల్యూసీ డా విన్సీ, అదే ఏడాది పటెక్ 3940 ఇలాంటివి. డా విన్సీలో తేదీ, వారం, నెల, నాలుగు అంకెల సంవత్సరం అన్నీ ఒక్క క్రౌను(కీ)తోనే, అన్నీ కలిసే ముందుకు కదులుతాయి. సౌకర్యమే, కానీ పొరపాటున ఒక వారం ముందుకు తిప్పేస్తే వెనక్కి రాదు. వాచీని ఆపేసి అసలు తేదీ వచ్చేదాకా వారం రోజులు పక్కన పెట్టడమే మార్గం. నెలలు ముందుకు పోయిందంటే వాచ్‌మేకర్ దగ్గరికే.

డయల్, డిస్కులు, కేసు

ధరలో సగానికి పైగా డయల్ మీదే ఉంటుందని చెబితే అతిశయోక్తి కాదు. పాత పటెక్ డయల్ మీద అక్షరాలను ముందు లోహంలో చెక్కి, ఆ గాడిలో నల్ల ఎనామెల్ నింపి, కొలిమిలో కాల్చేవారు. పది రెట్ల లూప్ (భూతద్దం) కింద పక్కనుంచి వెలుతురు వేస్తే అక్షరం ఉబ్బెత్తుగా, అంచు గుండ్రంగా కనిపించాలి. ఎవరో గట్టిగా రుద్ది శుభ్రం చేసి ఉంటే ఎనామెల్ పైభాగం ఊడి లోపలి గాడి బయటపడుతుంది. ఆ గాడిలో మళ్లీ సిరాతో అక్షరం రాస్తే నలుపు చదునుగా, చావురంగులో ఉంటుంది. పేరు ఎలా ఉందో కూడా కాలాన్ని చెబుతుంది. 1940ల చివరి దాకా పటెక్ డయళ్ల మీద చివర 'అండ్ కో' ఉన్న పొడుగు సంతకం, తర్వాత పొట్టిది. 1960లలో తయారైన మూవ్‌మెంట్ మీద పొడుగు సంతకం డయల్ కనిపిస్తే అది ఎక్కడినుంచి వచ్చిందో అడగాలి.

2499 నాలుగు సిరీస్‌లుగా విడిపోతుంది. మొదటి సిరీస్‌కు చతురస్రపు పుషర్లు (స్టాప్‌వాచ్ బొత్తాలు), అరబిక్ అంకెలు, చుట్టూ వేగం లెక్కించే టాకీమీటర్ స్కేలు. రెండోదానికి గుండ్రటి పుషర్లు, టాకీమీటర్ ఉంటుంది. మూడోదానికి గుండ్రటి పుషర్లే, టాకీమీటర్ పోయింది. నాలుగోదానికి అద్దం సఫైర్‌ది. చతురస్రపు పుషర్లున్న కేసులో టాకీమీటర్ లేని డయల్ కూర్చుని ఉంటే రెండింట్లో ఒకటి ఆ వాచీది కాదు. తొలి కేసులు కొన్ని విషే కార్ఖానావి, తర్వాతివి వెంగర్‌వి. కేసు లోపల తాళంచెవి ఆకారపు ముద్రలో ఉండే అంకె తయారీదారుణ్ణి చెబుతుంది: విషేకు 9, వెంగర్‌కు 1. దాని పక్కనే 18 క్యారెట్ల బంగారానికి స్విట్జర్లాండ్ ప్రతీక అయిన హెల్వెషియా స్త్రీ తల ముద్ర. లగ్స్ (స్ట్రాప్ బిగించే కొమ్ములు) మీదా కేసు పక్కనా ఉండే ముద్ర పాలిష్‌కు మొదట బలయ్యేది. గోరుతో తడిమితే తగలాల్సిన ముద్ర నీడలా మాత్రమే కనిపిస్తే ఆ కేసు ఎన్నిసార్లు చక్రం కింద పడిందో ఊహించుకోవచ్చు. బొత్తాల గుంటలు కోలగా సాగి ఉన్నా అదే కథ.

చాలామంది దాటవేసేవి వారం, నెల డిస్కులు. అవి డయల్ కింద ఉండి కిటికీలోంచి తొంగిచూస్తాయి. ఒక్క పదమే కనబడుతుంది కాబట్టి కొనేటప్పుడు ఏడు వారాలూ, పన్నెండు నెలలూ తిప్పి చూడాలి. అక్షరాల పొడవు, మందం అన్నిట్లో ఒకేలా ఉండాలి. డయల్ మీగడ రంగుకు తిరిగి డిస్కులు మాత్రం పాలలా తెల్లగా ఉంటే అవి తర్వాతి సర్వీసింగులో వేసినవి. భాష కూడా సాక్ష్యమే. అమెరికాకు వెళ్లిన మూవ్‌మెంట్ బ్యాలెన్స్ బ్రిడ్జి మీద మూడక్షరాల దిగుమతి గుర్తు కొట్టేవారు: పటెక్‌కు హెచ్ఓఎక్స్, ఒమేగాకు ఓఎక్స్‌జీ, రోలెక్స్‌కు ఆర్ఓడబ్ల్యూ. ఆ గుర్తు ఉండి డిస్కుల మీద నెలలు ఇటాలియన్‌లో ఉంటే అబద్ధమని వెంటనే తేల్చకూడదు. కొనుగోలుదారు అడిగి మార్పించుకున్న సందర్భాలూ ఉంటాయి. కానీ ఆ వివరం కాగితం మీద లేకపోతే ధర తగ్గించమని అడగడానికి అది చాలినంత కారణం.

మన దేశంలో కొనేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. పాత స్విస్ వాచీలకు రంగురంగుల కొత్త డయళ్లు అచ్చువేసి ఆన్‌లైన్‌లో అమ్మే పద్ధతికి సేకరణకర్తల్లో 'ముంబయి రీడయల్' అన్న పేరే స్థిరపడింది. క్యాలెండర్ వాచీలో దీన్ని పట్టుకోవడం నిజానికి తేలిక. కిటికీల అంచుకు ఏటవాలుగా కోసిన చెక్కుడు ఉంటుంది, కొత్త రంగు అందులో పేరుకుని కోణం మొద్దుబారుతుంది. చుట్టూ ఉండే 1 నుంచి 31 అంకెలు సమాన దూరంలో పడవు. నిలువు గీతలు ముల్లు కొనతో కలవవు.

కాగితాలూ వేలమూ

పటెక్, వాషెరాన్, ఆడెమార్స్ పిగే తమ రికార్డుల నుంచి సారాంశం ఇస్తాయి. మూవ్‌మెంట్ నంబరు, కేసు నంబరు, తయారైన ఏడాది, అమ్మిన తేదీ అందులో ఉంటాయి. రోలెక్స్ ఇవ్వదు. సారాంశం చెప్పేది ఆ నంబరుతో ఫలానా వాచీ కార్ఖానా దాటిందని. ఎదురుగా ఉన్న డయల్, ముళ్లు, డిస్కులు అప్పటివేనని అది చెప్పదు. 2021లో ఫిలిప్స్ వేలంలో 30 లక్షల ఫ్రాంకులు దాటిన ఒమేగా స్పీడ్‌మాస్టర్ వేర్వేరు ముక్కలతో కూర్చినదని ఒమేగా కంపెనీయే 2023లో ప్రకటించింది. అది క్యాలెండర్ వాచీ కాదు, కానీ కాగితం ఉంటే చాలనుకునేవాళ్లందరికీ వర్తిస్తుంది.

వేలంలో సుత్తి పడ్డ ధర మీద కొనుగోలుదారు కమిషన్ మామూలుగా 25 శాతం పైనే ఉంటుంది. దాని పైన రవాణా, బీమా, మన దగ్గరికి వస్తే కస్టమ్స్ సుంకం, జీఎస్‌టీ. ఇవన్నీ కలిపి గరిష్ఠ ధర ముందే కాగితం మీద రాసుకోవాలి. మొసలి తోలు స్ట్రాప్‌తో సరిహద్దు దాటించాలంటే వన్యప్రాణుల ఒప్పందం కింద అనుమతి పత్రం కావాలి. వేలం సంస్థలు అందుకే స్ట్రాప్ ఊడదీసి పంపుతాయి. అమెరికా నుంచి హైదరాబాదుకు చేతికి కట్టుకొచ్చేవాళ్లు కూడా దూడ తోలు స్ట్రాప్ వేసుకుంటే ఒక తలనొప్పి తగ్గుతుంది. బకిల్ మాత్రం పారేయకూడదు. సంతకం ఉన్న అసలు బకిల్‌కు విడిగా విలువ ఉంటుంది.

కొనేముందు నడిపి చూడటం

ముందుగా పూర్తిగా కీ ఇచ్చి టైమింగ్ మెషీన్ మీద పెట్టాలి. ఆంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం) రెండుసార్లు చూడాలి, పగటి స్థితిలో ఒకసారి, ముళ్లు రాత్రి 11.30 ప్రాంతంలో ఉన్నప్పుడు ఇంకోసారి. క్యాలెండర్ చక్రాలను తోసేటప్పుడు 20, 30 డిగ్రీలు తగ్గడం సహజం. 200 కిందకు జారితే నూనె ఎండిందనో, డిస్కు డయల్ వెనక రాసుకుంటోందనో అర్థం. "రాత్రి పన్నెండుకు ఆగిపోతోంది, పొద్దున ఊపితే నడుస్తోంది" అన్న వాచీలన్నిటి జబ్బూ ఇదే.

తర్వాత తేదీ. పర్పెచువల్ అయితే ఫిబ్రవరి 28కి తెచ్చి, బొత్తాలు ముట్టకుండా ముళ్లను ముందుకు తిప్పి అర్ధరాత్రి దాటించాలి. నాలుగు ఫిబ్రవరులు చూడాలి. మూడుసార్లు 28 నుంచి 1కి, ఒక్కసారి 29కి పడాలి. 30 రోజుల నెల కనీసం ఒకటి చూడాలి. 1518, 2499, 3448ల డయల్ మీద లీప్ సంవత్సరం సూచిక లేదు కాబట్టి యంత్రం చక్రంలో ఎక్కడుందో తెలుసుకోవడానికి కూడా ఇదే దారి. అమ్మేవాళ్లు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే, ధర ఎంత ఊరిస్తున్నా, పనిచేయని పర్పెచువల్ కింద లెక్క కట్టుకోవడం మంచిది.

ప్రమాదం ఎక్కువగా జరిగేది రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3, 4 దాకా. ఆ వేళ మార్పు వేలు (తేదీని తోసే లివర్ కొన) తేదీ చక్రం పళ్లలోకి దిగి ఉంటుంది. అప్పుడు బొత్తాం నొక్కితే వేలు వంగుతుంది, లేదా పన్ను విరుగుతుంది. పాత వాచీకి పగలూ రాత్రీ తేడా డయల్ మీద ఉండదు. అందుకే ఆగిపోయిన వాచీని చేతికి తీసుకుంటే ముందు తేదీ మారేదాకా ముళ్లు ముందుకు తిప్పాలి, అది అర్ధరాత్రి. అక్కడినుంచి ఇంకా ముందుకు ఉదయం ఆరుకో ఏడుకో తెచ్చి, అప్పుడు సరిచేయాలి. ఎక్కువ మోడళ్లకు నెల, తేదీ, వారం, చంద్రుడు అన్న వరుస నడుస్తుంది గానీ ఆ మోడల్ పుస్తకం ఉంటే దాని మాటే చివరి మాట. బొత్తాం పూర్తిగా లోపలికి దిగేలా ఒక్కసారి నొక్కి వదలాలి. సగం నొక్కితే చక్రం రెండు పళ్ల మధ్య ఇరుక్కుంటుంది. అర్ధరాత్రి మీదుగా ముళ్లు వెనక్కి తిప్పకూడదు.

చంద్రుణ్ణి సరిచేయడానికి మన ఇళ్లలో గోడకు వేలాడే పంచాంగం క్యాలెండర్ కంటే మంచి సాధనం లేదు. పౌర్ణమి రోజు పొద్దున చంద్రుడు కిటికీ నడిమధ్యకు వచ్చేలా నొక్కాలి. లేదంటే గడిచిపోయిన పౌర్ణమికి తెచ్చి ఎన్ని రోజులైతే అన్ని నొక్కులు. రెండు చంద్రులున్న ఈ డిస్కుకు 59 పళ్లుంటాయి, అంటే చాంద్రమాసాన్ని 29.5 రోజులుగా లెక్కిస్తుంది. అసలుది 29.53. ఆ తేడా సుమారు రెండేళ్ల ఎనిమిది నెలలకు ఒక రోజవుతుంది. అధిక మాసమూ దాదాపు అంతే ఎడంలో వస్తుంది. కారణాలు వేరు, కాకతాళీయమే, కానీ గుర్తుపెట్టుకోవడానికి భలే పనికొస్తుంది: అధిక మాసం వచ్చినప్పుడు ఒక రోజు ముందుకు పోయిన చంద్రుణ్ణి పంచాంగం చూసి మళ్లీ సరిచేయాలి.

దాచడం, సర్వీసింగ్

కోస్తా ఉక్కపోతలో ఈ వాచీలు కట్టుకోవడం సాహసమే. బొత్తాల గుంటలకు పాత కేసుల్లో రబ్బరు సీలు ఉండదు, చెమట నేరుగా క్యాలెండర్ పలక మీదికి చేరుతుంది. అక్కడున్న సన్నటి స్టీలు స్ప్రింగులకు తుప్పు మొదలైతే బయటికి కనబడదు. ఒకరోజు తేదీ మారదు, అప్పుడు తెలుస్తుంది. గాలి చొరబడని పెట్టెలో సిలికా జెల్ వేసి, తేమ 50 శాతం దగ్గర ఉంచడం చాలు. ఆటోమేటిక్ పర్పెచువల్‌ను తిప్పుతూ ఉండే వైండర్ పెట్టెల గురించి అభిప్రాయాలు రెండు రకాలు. అరవై ఏళ్ల యంత్రాన్ని చేతికి కట్టుకోని రోజుల్లో కూడా అరగదీయడం అనవసరమని ఈ వ్యాసం పక్షం. ఫోన్ కవర్ల అయస్కాంతాలకు మాత్రం దూరంగా ఉంచాలి. రోజుకు నిమిషాల లెక్కన ముందుకు పరిగెత్తుతోందంటే హెయిర్‌స్ప్రింగ్‌కు అయస్కాంతం పట్టిందేమో ముందు చూడాలి. అది ఐదు నిమిషాల్లో పోయే జబ్బు.

సర్వీసింగులో క్యాలెండర్ పలకను చెడగొట్టేది ఎక్కువ నూనె. లివర్ల కింద పలకను దాదాపు పొడిగా ఉంచి, రాపిడి ఉన్న చోట్ల మాత్రమే చుక్కలో వంతు గ్రీజు వేయాలి. మామూలు వాచీలాగా అన్నిచోట్లా నూనె వేస్తే రెండేళ్లలో అది పాకి, లివర్లు ఒకదానికొకటి అతుక్కుని, నెలాఖరు గెంతు తప్పుతుంది. అందుకే మూవ్‌మెంట్ బాగుచేయగలిగిన ప్రతివాళ్లూ పర్పెచువల్ విప్పగలరనుకోకూడదు. పటెక్ తన పాత వాచీలన్నిటినీ సర్వీసుకు తీసుకుంటుంది, నెలలు పడుతుంది. ఎక్కడిచ్చినా రసీదు మీద మూడు వాక్యాలు రాయించుకోవాలి: కేసు పాలిష్ చేయవద్దు, డయల్ కడగవద్దు, తీసేసిన పాత ముక్కలు తిరిగి ఇవ్వాలి. ఒరిజినల్ నెల డిస్కు గీతలు పడి, మసకబారి, చిన్న ప్లాస్టిక్ సంచిలో తిరిగొచ్చినా దాన్ని వాచీతో పాటే దాచాలి. రేపు కొనేవాళ్లు ముందు అడిగేది ఆ సంచినే.